వత్తు పోయిన అక్షరం

కోర్టు గేటు పక్క
జెరాక్స్ షాపుకీ టీ బడ్డీకీ మధ్య
నాలుగడుగుల జాగా నాది.
ఇరవయ్యారేళ్లుగా కొడుతున్నాను.
జడ్జిగారి మొహం సరిగ్గా చూసింది లేదు గానీ
ఆయన ముందుకెళ్లే కాయితాల మొహాలన్నీ
నేను కడిగి పంపినవే.

మొన్న మంగళవారం ఒక కుర్ర వకీలమ్మ
చంకలో ఫైళ్లు నా బల్ల మీద దించి
ఒక మాట మీద వేలు పెట్టింది.
'స్వచ్చందంగా.'
చ కింద చ వత్తు. ఉండాల్సింది ఛ వత్తు.
"ఇది పాంగి బొంజు ఒప్పుకోలు, మేష్టారూ.
ఇది కిల్లో గాసిది. ఇది వంతల సొంబ్రుది.
మూడు స్టేషన్లు, మూడు వేర్వేరు ఏళ్లు.
ముగ్గురూ ఒకే తప్పు ఎలా పలికారంటారు?"

కళ్లజోడు తీసి తుడుచుకున్నాను.
మురికేమీ లేదు దాని మీద.

హుద్‌హుద్ గాలికి రేకులు లేచిన ఏడు
ఒక రేకు నా పాత మిషను మీదే పడింది.
ఆ మీట అప్పుడు విరిగింది.
కరెంటు రాని ఆ వారంలోనే, కొవ్వొత్తి వెలుగులో
హెడ్డు వచ్చి కూర్చున్నాడు:
"ఒక నమూనా కొట్టీండి బావూ,
పేరూ ఊరూ చుక్కలు పెట్టి వదిలీండి."
నలభై రూపాయలు ఇచ్చాడు. టీ కూడా.

మిషను తుక్కుకి పోయింది.
నమూనా కంప్యూటర్లోకి ఎక్కి
పెన్‌డ్రైవు నుంచి పెన్‌డ్రైవుకి
ఘాట్ రోడ్డెక్కి స్టేషన్లన్నీ తిరిగింది.
చుక్కల్లోకి మనుషులు వచ్చి కూర్చున్నారు.

బొంజు ఇంట్లో కువి మాట.
వాడి తెలుగు సంత తెలుగు:
ఎంత, లేదు, బస్సు, బాబూ.
'స్వచ్చందంగా' వాడు ఎక్కడ నేర్చాడు?
అక్షరం కింద పడాల్సిన వత్తు
వాడి బొటనవేలి మీద పడింది.

అదే నెలలో లాసన్స్ బే కాలనీ కుర్రాడిది
ఒక పిటిషను కొట్టాను.
పేరు పైకి చదవొద్దన్నారు.
ఆరుసార్లు దిద్దించారు దాన్ని.
ఇంజనీరింగ్ మూడో ఏడు, నాయనమ్మ గుండె ఆపరేషను,
ఈతలో కప్పు, చెడు స్నేహం, బంగారు భవిష్యత్తు.
ప్రతి వాక్యం కొత్తది, వాడి కొలతలకే కుట్టింది.
వాడికి ఒక కథ ఉంది.
బొంజుకి ఒక కాపీ ఉంది.

వాడిది తులమే, వీడిది ఇరవై రెండు కిలోలు కదా
అంటారు మీరు. నిజమే.
కాటా అబద్ధమాడదు.
మోసే పని ఎవరికి ఇచ్చారో మాత్రం అడగదు.
డబ్బు పెట్టినవాడు
ఏ కాటా మీదా కాలు పెట్టలేదు.
కొండని పెళ్లలు పెళ్లలుగా హార్బరుకి దించే గూడ్సు
రాత్రీ పగలూ అదే కొండ దిగుతుంది.
దాన్ని ఆపి ఎవరూ పంచనామా రాయరు.

కిరండోల్ పాసింజరు దిగి బొంజు తల్లి
అడవివరం జైలుకి దారి నన్నే అడిగింది.
చెయ్యి ఊపి చూపించాను.
మా ఇద్దరి భాషా అంతవరకే సరిపోయింది.
జామీనుకి ఇంటిపన్ను రసీదు కావాలన్నారంట.
నీకేముందమ్మా అంటే
ఉత్తరం వైపు, కనపడని పోడు వైపు
చెయ్యెత్తి చూపించింది.
చాలాసేపు దించలేదు.

పదేళ్లు. లక్ష జరిమానా.
కట్టకపోతే ఇంకో ఆరు నెలలు.
ఆ ఆర్డరు కాపీ కూడా
నా పక్క షాపులోనే జెరాక్సు తీశారు,
పేజీకి రెండు రూపాయలు.

"అప్పీలుకి వెళ్తున్నాం.
ఆ నమూనా మీరు కొట్టిందేనని రాసిస్తారా?"
అడిగింది వకీలమ్మ.
బతిమాలలేదు. ఫైళ్లు సర్దుకుంటూ అడిగింది.

తెల్ల కాయితం తీశాను.
నా పేరు, తండ్రి పేరు, వయసు అరవై రెండు,
కాపురం కంచరపాలెం.
నేను స్వచ్ఛందంగా,
ఈసారి వత్తు సరిగ్గానే పడింది,
ఎవరి ఒత్తిడీ లేకుండా…

అక్కడ వేలు ఆగింది.
టీ బడ్డీ దగ్గర హెడ్డు
గ్లాసు ఊదుకుంటూ
నా వైపే చూస్తున్నాడు.